ఏడో నంబరు వంటింటి కిటికీ

పురాతన కట్టడాల పరిరక్షణాధికారి గారి సముఖమునకు,

పాత నేత మిల్లు క్వార్టర్లు, వెనక వరుస, ఏడో నంబరు ఇంట్లో కాపురముంటున్న మాజీ మగ్గాల ఫిట్టరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా వంటింటి కిటికీని ఇటుకలతో పూడ్చి, గోడను కట్టిన నాటి స్థితికి తీసుకురావలెనన్న తమ ఉత్తర్వును రద్దు చేయుట గురించి, మరియు దానికి సంబంధించిన, అంతగా సంబంధం లేని ఇతర బాధల గురించి.

మనవి చేసుకొనునది ఏమనగా, మిల్లు నడిచిన రోజుల్లో మా వరుసలో ఎవరికి అర్జీ కావాలన్నా నేనే రాసేవాణ్ణి. సెలవు అర్జీ, పంపు అర్జీ, పక్కింటివాళ్ల కోళ్ల మీద అర్జీ, ఏదైనా సరే. కనుక ఈ రాత తమరికి కాస్త పాతకాలపుదిగా తోచవచ్చు. మా అమ్మాయి చదివి, "నాన్నా, ఆఫీసరు గారు కుర్రాడు, మామూలుగా రాయరాదా" అంది. మామూలుగా రాస్తే అది ఉత్తరం అవుతుంది గానీ అర్జీ ఎలా అవుతుందని చెప్పాను. ఎక్కడైనా భాష జారితే నా కోపం వల్ల జారిందని గ్రహించి మన్నించగలరు.

1. ముందుగా కృతజ్ఞతలు. అర్జీలో ఇవి చివర చెప్పుకోవడం మర్యాద. కానీ చివరికి వచ్చేసరికి నా మనసు ఎలా ఉంటుందో నాకే తెలియదు గనుక ముందే చెప్పేస్తున్నాను. ఈ మిల్లు కట్టినప్పుడు ఇది ఊరికి దూరం. తరవాత ఊరు మెల్లగా మా వైపు నడిచి వచ్చింది, మమ్మల్ని దాటి అవతలికి కూడా పోయింది. మిల్లు మూతపడ్డాక టేపులు పట్టుకుని కొందరు వచ్చారు. చిమ్నీ పడగొట్టి ఆ చోట ఈత కొలను తవ్వుతామని పెద్ద బోర్డు పెట్టారు. ఆ బోర్డు మీద బొమ్మలో మా క్వార్టర్లున్న చోట ఒక కుక్కపిల్ల, దాన్ని పట్టుకుని నడుస్తూ ఒక అమ్మాయి ఉండేవారు. మేం ఎక్కడున్నామా అని ఎంత వెతికినా కనబడలేదు.

అటువంటి సమయంలో తమరు నెత్తిన టోపీ పెట్టుకుని వచ్చి, చిమ్నీని, రంపపు పళ్ల కప్పున్న నేత షెడ్డును, అద్దకం గదిని, నీళ్ల ట్యాంకును, మా రెండు వరుసల క్వార్టర్లను రక్షిత కట్టడాలుగా ప్రకటించారు. ఇక్కడ ఇటుక కదపరాదని బోర్డు పాతారు. ఆ రోజు మా వరుసలో చాలామంది ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది. ఈ మేలు మేం మరిచిపోలేదని, ఇకముందు రాయబోయేదంతా ఆ మేలు గుర్తుంచుకునే రాస్తున్నానని తెలియపరచుకొంటున్నాను.

2. నేత షెడ్డులో తమరు పెట్టించిన ప్రదర్శన గురించి. మగ్గాలు తుడిచి నూనె పట్టించి చక్కగా నిలబెట్టారు. వాటిలో మూడొంతులు నా చేతుల మీద బాగుపడినవే గనుక చూసి సంతోషించాను. అయితే గుమ్మం పక్క మగ్గం దగ్గర ఒక బొమ్మ నేతగత్తెను కూర్చోబెట్టారు. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చిరునవ్వు నవ్వుతోంది. మా ఆవిడ ఆ మగ్గాల మీదే జుట్టు నెరిసిన మనిషి. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, "దీన్ని పనిలో ఎవరు పెట్టుకున్నారు?" అని అడిగింది. మగ్గం దగ్గర కూర్చోవడానికి స్టూలు ఉండేది కాదని, ఒళ్లో చేతులు పెట్టుకునే తీరిక అసలే ఉండేది కాదని మనవి.

ఆ బొమ్మ పక్కనే, "ఇచ్చట కార్మికులు నిశ్శబ్దముగా, క్రమశిక్షణతో పనిచేసెడివారు" అని పలక పెట్టారు. నోరు తెరవని మాట నిజమే. తెరిస్తే దూది నూగు గొంతులో పడేది. ఆ మోతలో చెవి దగ్గర అరిచినా వినబడేది కాదు. అంతమాత్రాన మాట్లాడలేదని ఎవరన్నారు? చేతులతో మాట్లాడేవారు. వేళ్లు, మణికట్లు, మోచేతులు, చేతులకు పని తగిలితే కనుబొమ్మలు. మా మిల్లు ఆడవాళ్లు దాన్ని చేతి మాట అనేవారు. వంటలు, పెళ్లి సంబంధాలు, అత్తగారి మీద ఫిర్యాదులు, ఎవరికి నెల తప్పింది, సూపర్‌వైజరు కొత్త విగ్గు పెట్టుకున్నాడా లేదా, అన్నీ మగ్గం ఆపకుండా ఆ చివర నుంచి ఈ చివరకు నడిచిపోయేవి. నేను స్పానరు పట్టుకుని మధ్య దారిలో వెళ్తుంటే నా తల మీదుగా నా గురించే మాట్లాడుకునేవారు. చేతి మాట నాకూ వచ్చు గానీ, ఆడవాళ్లంత వేగంగా రాదు. నేను మాట్లాడితే నత్తివాడు మాట్లాడినట్టుంటుందని మా ఆవిడ అంటుంది.

3. గైడు గురించి. ఈయన సందర్శకులను మా గుమ్మం దాకా తీసుకొచ్చి, "కార్మికుడి నివాసాన్ని సహజ స్థితిలో చూడవచ్చు" అని లోపలికి చెయ్యి చూపిస్తున్నాడు. ఆ సమయంలో నేను బనియనుతో కూర్చుని కూరగాయలు తరుగుతూ ఉంటాను. మొన్న ఒకావిడ నన్ను చూసి, "ఈ బొమ్మ ఎంత బాగా చేశారో" అంది. నేను తుమ్మాను. ఆవిడ హడలిపోయింది. ఇందులో నా తప్పు లేదని తెలియపరచడమైనది.

4. సున్నం గురించి. ఇది పూర్తిగా మా తెలివితక్కువతనం. అయినా అది ఎలా జరిగిందో తమరు ఒకసారి వినాలి.

మిల్లు రోజుల్లో ఇన్‌స్పెక్షన్ అంటే మాకు ఒకటే అర్థం. పైనుంచి దొరలెవరో వస్తున్నారని కబురు అందగానే పనులాపి రెండు వరుసలకూ సున్నం కొట్టడం, మెట్లకు ఎర్ర రంగు వేయడం, తలుపులకు ఆకుపచ్చ రంగు పులమడం. దొరలు వచ్చి, చూసి, బాగుందని వెళ్లిపోయేవారు. ఇల్లు కారుతోందా, పంపు పనిచేస్తోందా అని ఎవరూ అడిగేవారు కారు. మా చిన్నతనం నుంచీ అదే అలవాటు. తమరు "క్వార్టర్ల పరిశీలనకు వస్తున్నాము" అని నోటీసు అంటించగానే ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొద్దున లేచి చూస్తే వరుసంతా బకెట్లతో బయట ఉంది. మోకాళ్లు లేవనివాళ్లు కూడా కుర్చీ వేసుకుని కింద భాగం కొట్టారు. ఎవరో చిమ్నీ అడుగుకు కూడా చేతికందినంత మేర సున్నం పూశారు. అంతా అయ్యాక వెళ్లి స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, తమ కోసం వరుసలో నిలబడ్డాం.

తమరు కారు దిగారు. ఆ పాత ఎర్ర ఇటుక కోసం అంత దూరం వచ్చిన మనిషికి తెల్లగా మెరిసిపోతున్న సందు కనబడింది. తమరు మా మెట్టు మీద కూర్చుని నెత్తి పట్టుకున్నారు. ఎర్ర రంగు ఇంకా ఆరలేదని, ప్యాంటుకు అంటుకుంటుందని చెప్పడానికి నేను రెండుసార్లు నోరు తెరిచాను గానీ, తమ మొహం చూసి ధైర్యం చాలలేదు. తరవాత తమరు మెల్లగా, "ఎందుకండీ ఇలా చేశారు?" అని అడిగారు. మా ఎదుటి వరుస పెద్దావిడ, "మీరొస్తున్నారని, బాబూ" అంది. తమరు మమ్మల్ని కోప్పడలేదు. అందుకు తమరి మీద మాకు గౌరవం పెరిగింది.

ఆ మీదట సున్నమంతా గీకి తీసేయవలెనని ఉత్తర్వు వచ్చింది. గీకాం. కొత్త సున్నం కింద పాత సున్నం, దాని కింద ఇంకా పాత సున్నం, ఎన్ని ఇన్‌స్పెక్షన్లు జరిగాయో అన్ని పొరలు. అన్నీ పోయాక మా వంటింటి సందు వైపు గోడ మీద అసలు సంగతి బయటపడింది. గోడంతా ఎర్ర ఇటుక. కిటికీ చుట్టూ మాత్రం వేరే రంగు ఇటుక. మేం సున్నం కొట్టకపోతే తమరు గీకించేవారు కారు. గీకించకపోతే ఆ ఇటుక ఎవరి కంటా పడేది కాదు. ఇది తలుచుకుని మా ఆవిడ ఇప్పటికీ బకెట్టు కనబడితే మొహం తిప్పుకుంటోంది.

5. కిటికీ గురించి. అసలు అర్జీ ఇక్కడ మొదలవుతుంది.

తమరు ప్లాను కాగితం చేత్తో పట్టుకుని మా వంటింట్లోకి వచ్చారు. కిటికీ చుట్టూ తడిమి చూసి, "ఇది మొదటి నుంచీ ఉందాండీ?" అని అడిగారు.

"మిల్లు మూసేసినప్పటి నుంచీ ఉందండీ" అన్నాను.

"అంటే కట్టినప్పుడు లేదన్నమాట."

"మగ్గాలు నడిచినన్నాళ్లూ లేదండీ. తరవాత అవసరం పడింది."

తమరు కాగితం మీద ఏదో గుర్తు పెట్టుకున్నారు. తరవాత కిటికీలోంచి సగం బయటికి వంగి గోడను పైకీ కిందికీ చూశారు. సందుకు అవతల, ఎదుటి వరుస మేడ మీద, తెరిచిన కిటికీ దగ్గర ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఆవిడ మా ఆవిడకు అక్క, నాకు వదిన. తమరిని ఒకసారి నఖశిఖపర్యంతం చూసి చేతులతో ఏదో అంది. మా ఆవిడ బదులు చెప్పింది. వదిన మళ్లీ ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. తమరు నా వైపు తిరిగి, "ఏమంటున్నారండీ?" అని అడిగారు. "రాతపూర్వకంగా మనవి చేసుకుంటానండీ" అన్నాను. తమరు నవ్వి వెళ్లిపోయారు. ఆ మనవి ఈ అర్జీలోనే ఉంది, చివర్లో వస్తుంది.

ఇక ఆ కిటికీ పుట్టుక. మా ఆవిడా వదినా మిల్లులో ఎదురెదురు మగ్గాల మీద పనిచేశారు. మధ్యలో దారి. ఆ దారికి అటూ ఇటూ నిలబడి పెళ్లికి ముందు నుంచీ, పెళ్లిళ్లయ్యాక, పిల్లలు పుట్టి పెద్దయ్యేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మగ్గాల మోత ఇద్దరి చెవులనూ మెల్లమెల్లగా తినేసింది. మిల్లు మూతపడేనాటికి ఇద్దరికీ బొత్తిగా వినబడటం మానేసింది. నాకు ఒక చెవి మిగిలింది, అదీ ఎడమది.

మిల్లు ఆగిన మర్నాడు మా ఆవిడ వంటింట్లో గోడకు ఎదురుగా నిలబడి ఉంది. అప్పుడది ఒట్టి గోడ. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. ఆవిడ చేతులు మాత్రం కదులుతున్నాయి. గోడతో మాట్లాడుతోంది. ఏమంటున్నావని చేత్తో అడిగితే సిగ్గుపడి చేతులు కొంగులో దాచుకుంది. అవతలి నుంచి మా తోడల్లుడు కూడా వచ్చి వదిన పరిస్థితి అదేనని చెప్పాడు. "పిచ్చిదానిలా కిటికీలోంచి మీ గోడ వైపు చూస్తూ చేతులు ఆడిస్తోంది తమ్ముడూ" అన్నాడు.

ఆయన మిల్లులో తాపీ మేస్త్రి. బాయిలరు గది గోడలు, మా పంపు గట్టు, అన్నీ ఆయన మరమ్మతు చేసినవే. మాట తక్కువ మనిషి. ఆ సాయంత్రం సుత్తీ ఉలీ పట్టుకుని వచ్చి, వదినను మేడ మీద కిటికీ దగ్గర నిలబెట్టి, మా ఆవిడను లోపల నిలబెట్టి, ఇద్దరికీ మొహాలూ చేతులూ నడుము దాకా కనబడేలా గోడ మీద గీత గీశాడు. ఆ గీత ప్రకారం కొట్టాడు. పాడుబడ్డ అద్దకం గది ఇటుకలు తెచ్చి అంచు కట్టాడు. అందుకే ఆ ఇటుకకు ఆ నీలం ఛాయ. తమరు చూసి "వేరే రంగు" అన్నది దాన్నే. చివరి ఇటుక పెట్టి పక్కకు తప్పుకోగానే అక్కాచెల్లెళ్లు మొదలుపెట్టారు. అన్నం తినడానికి కూడా ఆగలేదు. మేమిద్దరం మెట్టు మీద కూర్చుని నవ్వుకున్నాం. ఈ సందు వెడల్పూ మగ్గాల మధ్య దారి వెడల్పూ దాదాపు ఒకటేనని ఆయనే చెప్పాడు.

మిల్లులో షిఫ్టు మొదలు కాగానే ఎదుటి మగ్గం మనిషిని అడగవలసిన మొదటి మాట ఒకటుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, నడుము దగ్గర నుంచి నిలువుగా పైకి లాగాలి. దారం నడుస్తోందా అని దాని అర్థం. నడుస్తుంటే ఎదుటి మనిషీ అలాగే లాగుతుంది. తెగితే రెండు వేళ్లతో కత్తిరించినట్టు చూపిస్తుంది. ఈనాటికీ పొద్దున్నే మా ఆవిడ కాఫీ కంటే ముందు కిటికీ తెరిచి దారం లాగుతుంది. అవతల వదిన లాగుతుంది. అప్పుడు గానీ మా ఇంట్లో పొయ్యి వెలగదు.

మా తోడల్లుడు చనిపోయిన రోజు పొద్దున మా ఆవిడ ఎప్పటిలాగే దారం లాగింది. వదిన కిటికీలో నిలబడి రెండు వేళ్లతో కత్తిరించి చూపింది. మా ఆవిడ చేతిలో గిన్నె అక్కడే వదిలేసి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. ఇది రాస్తుంటే నాకు దుఃఖం వస్తోంది. అర్జీలో ఇలాంటివి రాయకూడదని తెలుసు.

6. ప్రత్యామ్నాయాల గురించి. తమ ఆఫీసులో గుమాస్తా గారు నాతో, "ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతం ఎందుకండీ, వేరే మార్గాలు లేవా" అన్నారు. అన్నీ చూశాం. వాటి ఫలితాలు ఇందుమూలముగా నివేదించడమైనది.

అక్కాచెల్లెళ్లు ఒకే ఇంట్లో ఉండడం గురించి. ఒకసారి వదినను తెచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాం. సాయంత్రానికి పప్పులో ఉప్పు దగ్గర మొదలై చిన్నప్పుడు ఎవరి జడ ఎవరు కత్తిరించారో అక్కడిదాకా వెళ్లింది. చెవులు వినబడనివాళ్లు పోట్లాడుకుంటే చప్పుడుండదని తమరు అనుకోవచ్చు. గిన్నెలుంటాయి. వదిన తన మేడ తను ఎక్కిపోయి, కిటికీ తెరిచి, చెల్లెల్ని పిలిచి, పడుకునేదాకా నవ్వుతూ కబుర్లు చెప్పింది. పక్కపక్కన కూర్చుంటే వాళ్లకు పడదు. ఎదురెదురుగా నిలబడాలి. అది మగ్గాల అలవాటు.

మొహాలు కనబడే ఫోను గురించి. మా అమ్మాయి ఇద్దరికీ కొనిచ్చింది. ఫోను పట్టుకోవడానికి ఒక చెయ్యి పోతుంది. మిగిలిన చేత్తో మాట్లాడితే సగం మాటే వస్తుంది. గోడకు ఆనించి పెట్టి దూరం జరిగితే మొహం ఉంటే చేతులుండవు, చేతులుంటే మొహం ఉండదు. వదిన కాసేపు చూసి, "నోటి నిండా ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది" అని ఫోనును బియ్యం డబ్బాలో పెట్టేసింది.

మా ఆవిడ రోజూ మేడ ఎక్కి వెళ్లడం గురించి. భోజనం ఇవ్వడానికి వెళ్తూనే ఉంది. ఆ మెట్లు కూడా తమ రక్షిత కట్టడాలే, నిటారుగా ఉంటాయి. ఆవిడ మోకాళ్లకు ఒకసారి ఎక్కితేనే ఆ రోజుకు సరి. సందులో నిలబడి మాట్లాడుదామంటే ఎండా వానా, గైడు గారి జనం, పొయ్యి మీద వదిలొచ్చిన గిన్నె. వదినకు దిగడం పూర్తిగా పోయింది. తలుపు కొట్టినా వినబడదు. ఆవిడ లేచిందా, పడిందా, తిన్నదా అనేది మాకు ఆ కిటికీ చెబుతుంది. కనుక అది కేవలం కబుర్ల కోసమని తమరు భావించరాదని ప్రార్థన.

7. "కట్టిన నాటి స్థితి" అనే మాట గురించి. ఇది తమ ఉత్తర్వులో మళ్లీ మళ్లీ వచ్చింది. తమ ఉద్దేశం నాకు అర్థమైంది, అది మంచిదే. కానీ మనుషులకూ మొదటి స్థితి ఒకటుంటుంది, ఈ మిల్లులో చేరిన నాటికి మా ఆవిడకూ వదినకూ చెవులు శుభ్రంగా వినబడేవి. వాటిని తీసుకున్నది ఈ రక్షిత షెడ్డే. గోడను కట్టిన నాటి స్థితికి తెచ్చే పక్షంలో, ఆ నాలుగు చెవులనూ, నా కుడి చెవినీ కూడా అదే ఉత్తర్వులో చేర్చి, తమరు మేస్త్రిని పంపుతానన్న సోమవారం నాడే, అదే మేస్త్రి చేత బాగు చేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇంతకంటే మర్యాదగా రాయాలని ప్రయత్నించాను. కుదరలేదు.

ఇంకొక మాట. తమ ప్రదర్శనలో ఉన్న మగ్గాలేవీ నడవవు. బాయిలరు చల్లారిపోయింది, ఆ గదిలో ఇప్పుడు కాఫీ హోటలు పెడతారట. చిమ్నీలో పావురాలున్నాయి. గేటు గడియారం ముళ్లు ఎవరో పట్టుకుపోయారు. ఈ మిల్లు మొత్తం మీద ఆగకుండా రోజూ నడుస్తున్నది ఇంకా ఒక్కటే ఉంది. అది మా వంటింటికీ ఎదుటి మేడకూ మధ్య నడుస్తోంది. దాన్ని కాపాడటానికి తమరు ఏమీ కట్టక్కర్లేదు. ఏమీ కట్టకుండా ఉంటే చాలు.

8. ప్రార్థన. సోమవారం మేస్త్రిని పంపుతున్నట్టు తమ కాగితం వచ్చింది. ఇటుకలు ఇప్పటికే వచ్చి మా మెట్టు పక్కన పేర్చి ఉన్నాయి. మా ఆవిడ వాటి మీద వడియాలో గుడ్డలో ఏవీ ఆరబెట్టడం లేదు, వాటి వైపే చూడటం లేదు. వదినకు ఇంకా చెప్పలేదు. చెప్పాలంటే ఆ కిటికీలోంచే చెప్పాలి, అందుకు మా ఆవిడకు చేతులు రావడం లేదు. నాకు భయంగా ఉంది. గోడ కట్టినంత మాత్రాన వదిన చచ్చిపోతుందని నేను అనను. ఆవిడ గట్టి మనిషి. మాట్లాడటం మానేస్తుంది. మా ఆవిడ కాక ఆవిడతో ఆ భాషలో మాట్లాడేవాళ్లు మా వరుసల్లో ఇంకెవరూ మిగల్లేదు, నత్తిగా మాట్లాడే నేను తప్ప.

కావున, పైన పేర్కొన్న ఒకటవ అంశం (కృతజ్ఞతలు) మినహా, రెండు నుంచి నాలుగు వరకు ఉన్న నా బాధలన్నిటినీ ఇందుమూలముగా ఉపసంహరించుకొంటున్నాను. బొమ్మ నేతగత్తె ఒళ్లో చేతులు పెట్టుకుని ఎంతకాలమైనా నవ్వవచ్చు. నిశ్శబ్దం పలక ఉండవచ్చు. గైడు గారు ఎంతమందిని తెచ్చినా నేను బనియనుతోనే, తుమ్మకుండా, కదలకుండా కూర్చుంటాను. కావలసివస్తే కూరగాయలు నిజంగా తరుగుతున్నట్టు నటిస్తాను. ఇకమీదట తమ రాక గురించి ఎంత ముందుగా తెలిసినా రెండు వరుసల్లో ఎవరూ సున్నం ముట్టకుండా చూసే బాధ్యత నాది. దీనికి బదులుగా ఆ ఒక్క కిటికీని ఉన్నదున్నట్టు ఉంచవలెనని, ప్లాను కాగితం మీద లేకపోతే దాని మీద తమ చేత్తో చిన్న చతురస్రం గీసి చేర్చవలెనని మాత్రమే కోరుతున్నాను.

ఈ సంగతులన్నీ ఆఫీసు బల్ల దగ్గర గాక, వీలైతే మా వంటింట్లో ఆ కిటికీ ముందు నిలబడి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(ఎడమ చెవితో)
ఏడో నంబరు ఇంటి మగ్గాల ఫిట్టరు

తా.క. ఆ రోజు వాళ్లేమన్నారో రాతపూర్వకంగా మనవి చేసుకుంటానన్నాను. మా ఆవిడ ముందు వద్దంది, తరవాత సరే రాయమంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

తమరు కిటికీలోంచి వంగినప్పుడు వదిన, "ఆ అబ్బాయి చొక్కా గుండీ దారానికి వేలాడుతోంది. ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోతుంది. కూర్చోబెట్టి కుట్టి పంపు" అంది.

మా ఆవిడ, "కిటికీకి ఎసరు పెట్టడానికి వచ్చినట్టున్నాడు, వీడికి గుండీ కుట్టాలా?" అంది.

వదిన, "పెడితే పెట్టాడు, గుండీ ఏం చేసింది?" అంది. ఆ మాటకే ఇద్దరూ నవ్వారు.

ఈలోగా తమరు వెళ్లిపోయారు. మర్నాడు ఊడుస్తుంటే గుండీ కిటికీ గట్టు మీద దొరికింది. మా ఆవిడ ఆవాల డబ్బా మూతలో దాచింది. వదిన రోజూ దారం లాగగానే రెండో మాటగా, "ఆ అబ్బాయి వచ్చాడా?" అని అడుగుతోంది. ఇంకా లేదని మా ఆవిడ చెబుతోంది.

కనుక ఆ చొక్కా వేసుకుని ఒకసారి రాగలరు. కుట్టడానికి ఎంతోసేపు పట్టదు. అయితే సోమవారం మేస్త్రి రాకముందే రావాలి. మా ఆవిడ చూపు మునుపటిలా లేదు, ఆ కిటికీ వెలుతురు లేకపోతే సూదిలోకి దారం ఎక్కించలేదు.